ఆలస్యానికి కారణం

వాల్దివియాలో వాన గురించి ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు.
ఆలస్యంగా వచ్చిన పిల్లలు "వాన" అంటారు.
రాస్తాను. చీటీ చించి ఇస్తాను.
పదిహేడేళ్లుగా బడి గేటు పక్క గదిలో
కట్టెల పొయ్యి, తడి సాక్సుల వాసన, నేను.

మిల్యరాయ్ ఆరో తరగతి.
మార్చిలో బడి తెరిచినప్పుడు అందరికంటే ముందొచ్చేది,
గంట కొట్టే తాడు నాకంటే ముందు పట్టుకునేది.
మే నెల నుంచి తొమ్మిది నిమిషాలు లేటు.
ఎనిమిది కాదు, పది కాదు.
తొమ్మిది, కొలిచి పోసినట్టు.

"వానా?"
"వానే."

ఆగస్టులో శాంతియాగో నుంచి ఒకాయన వచ్చాడు,
చంకలో ల్యాప్‌టాప్, బూట్లకు మా ఊరి బురద.
ఇద్దరమ్మలున్న పిల్లలు, ఇద్దరు నాన్నలున్న పిల్లలు
చదువులో వెనకబడతారా, అదీ ఆయన పని.
మర్యాదస్తుడే. టీ తాగుతూ అడిగాడు.
లెక్కల్లో మిల్యరాయ్‌కి ఏడుకి ఆరున్నర వచ్చేది,
ఇప్పుడు నాలుగూ పాయింటు ఒకటి.
నాలుగైతే పాసు. గోడ అంచుని వేళ్లతో పట్టుకుని వేలాడుతోంది.
ఆయన ఆ అంకెను ఒక గడిలో వేసుకున్నాడు.
పక్క గడిలో: తల్లులు, ఇద్దరు.
రెండు గడుల మధ్య సన్నటి గీత.
ఆ గీతలో ఏముందో అడుగుతాడని చూశాను.
టీ అయిపోయింది.

మర్నాడు నేనే వెళ్లాను, గొడుగు కూడా మరిచి.
చేపల బజారు వెనక, సముద్రసింహాలు
చెక్క మెట్ల మీద పొర్లాడే చోట
ఆ పిల్ల నిలబడి ఉంది, వాచీ చూసుకుంటూ.
బడి గంట నది మీదుగా వినబడింది. కదల్లేదు.
గేటు దగ్గర గొడుగుల గుంపు చెదిరేదాకా,
దింపడానికొచ్చిన తల్లులు కార్లెక్కేదాకా,
"మీ ఇంట్లో బల్బు మార్చేదెవరే?" అని
డాంకో వాళ్లమ్మ నవ్వుతూ అడగడానికి
అక్కడ మిగలకుండా పోయేదాకా.

బల్బట!
ఒందీనా పడవల రేవులో ఇనుముకి అతుకులేసే మనిషి.
మరీత్సా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
ఆ వేళకి నిద్రలో ఉంటుంది,
కూతురు మొదటి బెంచీలో ఉందనుకుంటూ.

సోమ, బుధ, శుక్ర, మొదటి పీరియడు లెక్కలు.
మాస్టారు కొత్త సంగతి మొదట్లోనే చెప్పేస్తాడు,
మిగతా గంటంతా అభ్యాసం.

ఇంతవరకూ డాంకో వాళ్లమ్మ సంగతి చెప్పాను.
నా సంగతి చెప్పలేదు.
ఏప్రిల్ ఆఖర్న పాత రిజిస్టరు నిండితే కొత్తది తెరిచాను.
సంరక్షకుల గడిలో
మొదటి పేరు ఎదుట "తల్లి" అని రాశాను.
రెండో పేరు ఎదుట, ఎవర్నీ అడక్కుండా, "పిన్ని".
మంచికే అనుకున్నాను. ఎవరి కంటైనా పడితే గొడవుండదని.
బల్లకి అవతల నిలబడ్డ పిల్ల
తలకిందుల అక్షరాలు చదవగలదని తట్టలేదు.
ఏమీ అనలేదు. గంట తాడు వైపు ఒకసారి చూసింది.
ఆ రోజు తాడు నేనే లాగాను.

మా బడి నియమం: సిరాతో రాసింది చెరపకూడదు.
కొట్టేసి, పైన రాసి, పక్కన సంతకం పెట్టాలి,
తప్పు ఎవరిదో తెలిసేలా.
కొట్టేశాను. రాశాను.
ఎదెల్మీరా ఓయార్సో, పూర్తి పేరుతో సంతకం.
ఆమె వచ్చేవేళకి ఆ పేజీ తెరిచి ఉంచాను,
నాకు తలకిందులుగా, ఆమెకు తిన్నగా.

చదివిందో లేదో.
"తడి బ్యాగు బల్ల మీద పెట్టకు" అన్నాను,
ఇంకేం అనాలో తెలియక.

తర్వాతి వారమూ తొమ్మిదే.
ఆ పై వారమూ.
శాంతియాగో ఆయన గడులు ఈపాటికి ఏ పట్టికలోనో చేరి ఉంటాయి.

ఇవాళ ఏడు నిమిషాలు.
"వానా?"
"వానే."
రాశాను.
కిటికీ అవతల సెప్టెంబరు ఎండలో
నది మీద ఒక్క చుక్క లేదు.